పులిమడుగు తండాలో మబ్బు లేని వాన

ఆ గురువారం చందర్ చేయాల్సిన పనులు ఇవి. ఆఫీసు కింది జిరాక్స్ షాపతనితో నీళ్ల మోటారు పంచాయితీ తెంపాలి. నేలకొండపల్లి పెళ్లి సంబంధం కేసులో అబ్బాయి గురించి రాసిన రిపోర్టు పిల్ల తండ్రికి అందజేయాలి. మేడం కళ్లద్దాలకు ఊడిపోయిన స్క్రూ వేయించాలి. కుసుమంచిలో ఉన్న అమ్మకు బీపీ గోళీలు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాలి.

గోళీలు మాత్రం వెళ్లాయి. మిగతావి అలాగే ఉండిపోయాయి. ఎందుకంటే బస్టాండు నుంచి తిరిగి వచ్చేసరికి ఖమ్మం ఖానాపురం హవేలిలోని మేడ మీది డిటెక్టివ్ ఆఫీసు మెట్లపై ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నర్సు డ్రెస్సు మీదనే వచ్చింది. చున్నీ కొసను వేలికి చుడుతూ విప్పుతూ, మళ్లీ చుడుతూ ఉంది.

"డిటెక్టివ్ మేడం ఉన్నదా అన్నా?"

శోభారాణి లోపలే ఉంది. కొత్తగూడెం బొగ్గుబాయి కార్మికుడి కూతురు. పన్నెండేళ్లు బీమా కంపెనీలకు సర్వేయరుగా తిరిగి, కాలిన కొట్లు, మునిగిన లారీలు, చనిపోని మనుషుల చావు సర్టిఫికెట్లు చూసి చూసి, చివరికి సొంతంగా ఈ బోర్డు కట్టుకుంది. వాళ్లింట్లో మొట్టమొదట డిగ్రీ చదివిన చందర్‌కి ఆవిడ దగ్గర రెండేళ్లలో నేర్చుకున్నది కాలేజీలో నేర్చుకున్నదానికంటే ఎక్కువని గట్టి నమ్మకం.

"కూసో బిడ్డా. నీళ్లు తాగు. తాగినంక చెప్పు."

అమ్మాయి పేరు ద్వాలి. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. సొంతూరు పాల్వంచ దాటి భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న పులిమడుగు తండా.

"ఎల్లుండి అమావాస్య మేడం. మా నాయనమ్మను బతకనియ్యరు."

"ఎవరు?"

"తండా మొత్తం. మంత్రం పలకకుండ పళ్లు పీకి అడవిల వదుల్తమంటున్నరు. చేతబడి చేసిందంట."

"ఏం చేసిందంటున్నరు?"

ద్వాలి గొంతు తగ్గించింది. "వాన పడకున్నా పడ్డట్టు చేసిందంట. మా తండాల వాన కొలిచే మిషన్ ఉంది. ఈ శ్రావణం మొత్తం చుక్క రాలలేదు, చేన్లు మాడినయి. కానీ ఆ డబ్బా వాన పడ్డదని లెక్క పంపింది, వాన లేకుంటే మా రైతుల కంపెనీకి రావాల్సిన పైసలు ఆగిపోయినయి. డబ్బా కొట్టుకుంటది మేడం. ఎర్రటి ఎండల, మబ్బు తునక లేనప్పుడు, లోపల ఎవరో వేలితో తట్టినట్టు టక్ మంటది. అందరు విన్నరు. మా నాయనమ్మ బాలి ఇల్లు ఆ కంచె పక్కనే. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటది."

"పోలీసులకు చెప్పినవా?"

"చెప్పిన. వచ్చిండ్రు, పోయిండ్రు. వాళ్లున్నంతసేపు అందరు మంచోళ్లే."

"మీ నాయనమ్మ ఏమంటది?"

ద్వాలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అదే మేడం నాకు భయం. 'అవ్, నేనే చేసిన' అంటది."

శోభారాణి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒక కాడ ఊడి పక్కకు పడింది. "చందర్, కొత్తగూడెం బస్సు ఎన్నింటికి?"

*

బస్సులో శోభారాణి కిటికీ పక్కన కూర్చుంది, వెనక సీట్లో ద్వాలి. కొత్తగూడెం దాటి బొగ్గు లారీల దుమ్ము వెనకబడ్డాక చందర్ ఉండబట్టలేక అడిగాడు.

"మేడం, ఆ తండా రైతుల కంపెనీ కొన్నది వాన బీమానే కదా? బీమా వాళ్లకు ఎండిన చేన్లు చూపిస్తే సరిపోదా?"

"బీమా అయితే సరిపోయేది. బీమాలో నష్టం చూపియ్యాలె. నా అసొంటి సర్వేయరు వచ్చి చేను తొక్కి చూస్తది. కానీ వీళ్లు కొన్నది బీమా కాదు. ఎక్స్ఛేంజీలో వాన మీద కాంట్రాక్టు కొన్నరు. డెరివేటివ్ అంటరు. ఆగస్టు సగం వరకు ఆ మిషన్ల వాన ఇంతకంటే తక్కువుంటే పైసలొస్తయి, ఎక్కువుంటే రావు. అంతే. చేను ఎండిందా పండిందా ఎవరూ అడగరు. చేనే లేనోడు కూడ కొనొచ్చు."

"చేను లేనోడు వాన మీద పైసలు పెడితే, పందెమే కదా మేడం?"

"మంచిగ అడిగినవ్. నీ ఇల్లు కాలితే నీకు పైసలొస్తయనుకో, అది బీమా. నీకు నష్టం ఉంది కాబట్టే ఇస్తరు. పక్కింటోడి ఇల్లు కాలితే నీకు పైసలొస్తయనుకో?"

"రోజు అగ్గిపెట్టె పట్టుకొని తిరుగుత."

"అందుకే చట్టం దాన్ని బీమా అననియ్యదు. పందెం అంటది, పందెం ఒప్పందం కోర్టుల చెల్లదు. కానీ అట్ల కొనేది, అమ్మేది నలుగురు చూసే ఎక్స్ఛేంజీలో, సర్కారు పెట్టిన రూల్స్ కింద చేస్తే, దాన్ని డెరివేటివ్ అని ఒప్పుకుంటది. వాన మీద కొనేది ఆ జాబితాలకు వచ్చింది. వీళ్లు కొన్నది అసలైన కాగితమే. అందుల తేడా లేదు." ఆమె కిటికీ వైపు తిరిగింది. "తేడా మిషన్ల ఉంది. మిషన్‌కు మంత్రాలు రావు. దానికి నీళ్లే తెలుసు."

పాల్వంచ దాటాక ఆటో మాట్లాడుకున్నారు. రోడ్డు వదిలి మట్టిబాట ఎక్కగానే ఆటో చప్పుడు తప్ప ఏదీ వినపడటం మానేసింది. శ్రావణమాసంలో అడవి ఇంత మూగగా ఉండటం చందర్ ఎన్నడూ చూడలేదు. టేకాకులు పురుగు తిని జల్లెడలయ్యాయి. వాగులో మట్టి పగుళ్లిచ్చింది. ఆకాశం కడిగిన స్టీలు పళ్లెంలా ఉంది, చూస్తే కళ్లు గుచ్చుకుంటున్నాయి. తండా మొదట్లో ఆడుకుంటున్న పిల్లలు ఆటోను చూసి అరవలేదు. నిలబడి చూసి, ఒక్కరొక్కరే ఇళ్లలోకి వెళ్లిపోయారు.

*

వాన మిషన్ తండా చివర, అడవి మొదలయ్యే చోట ఉంది. ఇనుప కంచె. లోపల ఎత్తయిన స్తంభం. దాని పైన మూడు నల్లటి చిన్న గిన్నెలు కింద గాలి తగలకున్నా మెల్లగా తిరుగుతున్నాయి. నడుమ తెల్లటి గూడు. స్తంభానికి కొంచెం ఎడంగా, నడుమెత్తు దిమ్మె మీద మూత లేని తెల్లటి డబ్బా. కంచె తీగలకు ఎవరో నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, ఒక కోడికాలు గుచ్చి వేలాడదీశారు.

మిట్టమధ్యాహ్నం. చందర్ కంచెకు చేయి ఆనించాడు.

టక్.

డబ్బా లోపలి నుంచి వచ్చింది. చందర్ చేయి లాక్కున్నాడు. వాళ్లతో వచ్చిన బద్యా నాయక్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన తండా పెద్ద, రైతుల కంపెనీ అధ్యక్షుడు కూడా. అరవై ఏళ్ల గట్టి మనిషి.

"విన్నరా మేడం? నేను చెప్తే నమ్మరని ఊకున్న."

"ఎండకు రేకు సాగినా గిట్లనే టక్ మంటది నాయక్." శోభారాణి గొంతులో మార్పు లేదు. "తాళం తీయించు. నేను ముట్టుకోను. చూసి వస్త. నువ్వు సాక్షివి."

తాళంచెవి తెచ్చింది బాలి. ఎండిన కర్రలాంటి ముసలామె. చేతులకు మోచేతుల దాకా తెల్ల గాజులు, మెడలో పాత రూపాయి బిళ్లల దండ. ఎవరి వైపూ చూడకుండా తాళం తీసి పక్కన నిలబడింది.

"అవ్వా, నువ్వే చేసినవంటున్నరు?" అంది శోభారాణి.

"అవ్. నేనే."

"ఎట్ల చేసినవ్?"

"చేసిన. ఎట్ల చేస్తే నీకెందుకు? నువ్వు కూడ నేర్చుకుంటవా?" ముసలామె నవ్వింది. "నాకున్నయే నాలుగు పళ్లు. పీకుతమని తండా తండా లేచింది. పనికిమాలినోళ్లు."

ద్వాలి మొహం తిప్పుకుంది.

శోభారాణి కంచె లోపలికి వెళ్లి ముందు నేల చూసింది. అడవి నేల పగిలి ఉంది. డబ్బా దిమ్మె చుట్టూ మాత్రం పేడతో నున్నగా అలికి ఉంది. ఆమె చెప్పు కొనతో అలుకును నాలుగు మూలలా ఒత్తి చూసింది. నాలుగు చోట్లా మెత్తగా దిగింది. తర్వాత సంచిలోంచి చిన్న అద్దం తీసి, డబ్బాకు తగలకుండా దాని నోటి పైన వంచి పట్టింది.

"చందర్, నువ్వు చూడు. ఏం కనబడ్తుందో నాయక్‌కు చెప్పు."

డబ్బా లోపల గరాటు. గరాటు గోడకు ఎర్రమట్టి చారిక. గొంతు దగ్గర తెల్లటి వేరు, దాని చివర వాడిపోయిన పచ్చని మొలక.

"ఏదో గింజ మేడం. మొలకొచ్చింది."

"ఏ గింజ?"

చందర్ రైతు బిడ్డ. ఇంకాస్త వంగి చూశాడు. "వరి కాదు. జొన్న కాదు." నమ్మలేక మళ్లీ చూశాడు. "గోధుమ మేడం."

"ఈ చుట్టుపక్కల గోధుమ ఎవరన్నా వేస్తరా నాయక్?"

"గోధుమ ఎవడేస్తడు మేడం ఈడ? పత్తి, మిరప, మక్క..." అంటూ బద్యా ఆగిపోయాడు. ఏదో గుర్తొచ్చినట్టు కళ్లు చిట్లించి, తల విదిలించి, ఊరుకున్నాడు.

బాలి వైపు చూసింది చందర్ ఒక్కడే. ముసలామె మొహంలో నవ్వు లేదు. మొలక మాట వినగానే ఆమె చేయి గాజుల మీదకు వెళ్లి, అవి చప్పుడు కాకుండా గట్టిగా పట్టుకుంది.

*

సాయంత్రం బద్యాను వెంటబెట్టుకుని మండల కేంద్రంలోని విత్తనాల దుకాణానికి వెళ్లారు. యజమాని గోపాలు. తండాకు విత్తనాలు, ఎరువులు అప్పుగా ఇచ్చింది ఆయనే. వాన కాంట్రాక్టు పైసలు వస్తే ఆ అప్పు తీర్చాలని తండా అనుకుంది. చూడగానే మంచివాడనిపించే మనిషి. వాళ్లకు కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు.

"పాపం తండావోళ్లు. నేనేం వాళ్ల మీద పడ్తలేను మేడం. నా పైసలు పోయినా సరే గానీ ఆ ముసలామెకేం కావద్దు."

"మీరు చాలా ఇచ్చినట్టుంది."

"ఇచ్చిన. ఇస్తనే ఉంట. పండుగలకు కూడ ఇస్త. మొన్న వాళ్ల ఆడపిల్లల తీజ్‌కు గోధుమలు నేనే ఇచ్చిన, మంచె కట్టను వెదురు, మనుషులు నేనే పంపిన. మనం కూడ పుణ్యం చేసుకోవాలె కదా."

బద్యా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సేటూ, ఎడ్లను అమ్మిన. సగం కడ్త, మిగతాది సంక్రాంతికి..."

"వద్దు నాయక్, వద్దు." గోపాలు చేయి ఊపాడు. "ఎడ్లనెందుకు అమ్ముతవ్? సగం నాకొద్దు. మీ కంపెనీ లెటర్‌హెడ్ మీద 'కట్టలేము' అని తీర్మానం రాసి సంతకాలు పెట్టిచ్చిండ్రు కదా, అది చాలు. మళ్లెప్పుడు నేను మీ గడప తొక్క."

బయటికి వచ్చాక చందర్ మనసు నిండిపోయింది. "ఇసొంటోళ్లు కూడ ఉన్నరు మేడం ఈ కాలంల."

శోభారాణి దుకాణం వైపు వెనక్కి చూసింది. "అప్పిచ్చినోడు చేతికొచ్చిన పైసలు వద్దంటుండంటే చందర్, ఆయన మహాత్ముడన్నా కావాలె, లేకుంటే ఇంకో దగ్గర ఎక్కువ దొరకాలె. ఆ తీర్మానం నిజంగనే ఇచ్చినవా నాయక్?"

"ఇచ్చిన మేడం. మొన్ననే సంతకాలు పెట్టినం. ఆయన మంచికే అన్నడు కదా."

*

మర్నాడు పొద్దున తండా బోరింగు దగ్గర నీళ్లకు వచ్చిన ఆడపిల్లలు వీళ్లను చూసి బిందెలు వదిలేసి పారిపోయారు. ఒక్కతే నిలబడింది. పేరు సుజన, ఇంటర్ చదువుతోంది. చందర్ బోరింగు కొడుతుంటే శోభారాణి ఆమె బిందె పట్టుకుంది.

"తీజ్ మంచిగ జరిగిందా బిడ్డా?"

సుజన నేల చూపులు చూసింది. తీజ్ లంబాడీ తండాల్లో పెళ్లికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లి, ఎత్తైన మంచె మీద పెట్టి, పాటలు పాడుతూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్లు పోస్తారు. మొలకలు పచ్చగా వస్తే పిల్లలకు మంచి సంబంధాలు, తండాకు మంచి వానలు. చివరి రోజు మొలకలు పంచి, బుట్టలు వాగులో కలుపుతారు. పాడైతే మాత్రం ఆ పిల్లలను ఎవరూ మరిచిపోరు.

"మంచె యాడ కట్టిండ్రు?"

సుజన తండా చివరి కంచె వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

"నిరుడు మొలకలను మేకలు తినిపోయినయని ద్వాలి చెప్పింది?"

"అవ్." గొంతు లేచీ లేవనట్టు వచ్చింది. "అందుకే సేటు మనుషులు కంచెల కట్టిండ్రు. మేకలు రావని. కింద డబ్బా మీద పల్చటి ఎర్రగుడ్డ కప్పిండ్రు, మైల పడకుండ." ఆ పిల్ల ఒక్కసారిగా శోభారాణి చేయి పట్టుకుంది. "మేం నీళ్లు పోసి పాట పాడంగనే డబ్బా పలికేది మేడం. టక్... టక్ అని. తీజ్ తల్లి పలుకుతుందనుకున్నం. మస్తు సంబురపడ్డం. ఎవరికీ చెప్పొద్దనుకున్నం. తర్వాత తెల్సింది. మేమే తండాను ముంచినమని. బాలవ్వ ఒట్టు పెట్టించుకున్నది, నోరు తెరవద్దని. తెలిస్తే మీ పెండ్లిళ్లు కావంది. 'నా పెండ్లెప్పుడో అయిపోయింది, నాకేమైతది' అంది."

చందర్ బోరింగు కొట్టడం ఆపేశాడు. బిందె ఎప్పుడో నిండి పొర్లుతోంది.

"బిడ్డా, మీరు ముంచలేదు," అంది శోభారాణి. "రేపు అందరి ముందట చెప్త. అప్పటిదాక ఈ మాట నా దగ్గరుంటది."

*

అమావాస్య. మూడు గంటల ఎండలో తండా మొత్తం కంచె చుట్టూ చేరింది. మగవాళ్ల చేతుల్లో కర్రలున్నాయి. ఒకరి చేతిలో పటకారు ఉంది, దాన్ని తువ్వాల కింద దాచుకుంటున్నాడు. బాలి కంచె గేటుకు ఆనుకుని కూర్చుంది. ద్వాలి ఆమె భుజం వదలడం లేదు. గోపాలు ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు కింద ఉన్నాడు. శోభారాణి పిలిపించిన ఎస్సై వేపచెట్టు కింద బైక్ మీద కూర్చున్నాడు. గాలి స్తంభించింది. అడవి మొత్తం ఊపిరి బిగబట్టి వింటున్నట్టుంది.

"అందరు ఒక్క మాట చెప్పుర్రి," అంది శోభారాణి. "ఈ మిషన్ల వాన పట్టేది ఏది?"

చేతులన్నీ పైకి లేచాయి. స్తంభం మీద తిరిగే నల్లటి గిన్నెల వైపు.

"నాయక్, నువ్వు?"

"అవే కదా మేడం. గిన్నెలే కదా వాన పట్టేది."

"అవి గాలిని కొలుస్తయి. వాన పట్టేది కింది డబ్బా. దాని లోపల తాసు లెక్క రెండు చిన్న గిన్నెలుంటయి. ఒకటి నిండంగనే ఒరిగి టక్ మంటది, ఆ లెక్క పోతది. మీ అందరి కళ్లు పైనున్నయి, తప్పు లేదు, అవి చూస్తే వాన పట్టే గిన్నెల లెక్కనే ఉన్నయి మరి. ఈ మిషన్ పెట్టినప్పుడు ట్రైనింగుకు పోయిన వాళ్లలో ఒక్కాయన మాత్రం సరిగ్గ విన్నడు. గోపాలు గారూ, మీరు నాయక్‌తో పోయిండ్రు కదా ఆ ట్రైనింగుకు?"

గోపాలు నవ్వాడు. "పోయిన. చాయ్ తాగి వచ్చిన."

"డబ్బాలో బిందెడు నీళ్లు కుమ్మరిస్తే ఎక్స్ఛేంజీవోళ్లకు అనుమానం వస్తది. అంత వాన ఒక్క నిమిషంల పడదు. మెల్లగ, చుక్క చుక్క, రోజుకు ఇన్నిసార్లు కారితే చిరుజల్లు అనుకుంటరు. ఒక చేనుల పడి పక్క చేనుల పడని వాన మనకు కొత్తనా? అందుకే ఎవరూ అడగలేదు. చుక్క చుక్క కారాలంటే ఏం కావాలె? మట్టి నింపిన బుట్టలు కావాలె. నీళ్లు పోసేటోళ్లు ఇంటికి పోయినంక కూడ అవి కారుతనే ఉంటయి." ఆమె గేటు లోపలికి చూపించింది. "డబ్బా గరాటుల గోధుమ మొలకుంది. చుట్టూ నాలుగు గుంజలు పాతిన గుంటలున్నయి, వాటి మీద పేడ అలికి ఉంది."

గుంపులో గుసగుస లేచింది. ఆడపిల్లల తల్లులకు అర్థమైపోయింది. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "తీజ్... తీజ్ నీళ్లా?" బద్యా మొహం నల్లబడింది. కర్రలు పట్టిన చేతులు బాలిని వదిలి ఇప్పుడు ఆడపిల్లల వైపు తిరిగాయి.

బాలి లేచి నిలబడింది. "కాదు! నేనే చేసిన! ఆ పిల్లలకేం తెల్వదు!"

"నిజమే అవ్వా, తెల్వదు," అంది శోభారాణి. "తెలిసినాయన వేరే ఉన్నడు. గోధుమలిచ్చిండు. వెదురిచ్చిండు. మంచె సరిగ్గ డబ్బా మీదికి వచ్చేటట్టు కట్టించిండు. డబ్బా నోరు కనబడకుండ నీళ్లు దిగే గుడ్డ కప్పించిండు."

గోపాలు గొడుగు మూశాడు. "చూసిండ్రా, పుణ్యానికి పోతే పాపం ఎదురైందంట! మేడం, ఆలోచన చేసి మాట్లాడు. వాళ్లకు పైసలొస్తనే నా అప్పు తీరేది. వాళ్లు మునిగితే నేను కూడ మునిగినట్టే కదా?"

తండా అంతా తలూపింది. చందర్ కూడా లోలోపల తలూపాడు. ఆ ముడి అతనికీ విడలేదు.

"అవ్. అందుకే మిమ్మల్ని ఎవరూ అనుమానించలేదు," అంది శోభారాణి మెల్లగా. "మీకొక మంచి మాట చెప్త. నిన్న ఎక్స్ఛేంజీతో మాట్లాడిన, ఫొటోలు పంపిన. మిషన్ లెక్క చెడిపోతే పక్క వాన స్టేషన్ లెక్క తీసుకోవాలని కాంట్రాక్టులనే ఉంది. విచారణకు మనిషి బయల్దేరిండు. ఆ స్టేషన్ల వాన లేదు. తండాకు పైసలొస్తయి. మీ అప్పు మొత్తం, వడ్డీతో సహా, రాంగనే కట్టేస్తరు. సంతోషమేనా?"

ఇంకెవరైనా అయితే చేతులు జోడించేవారు. గోపాలు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"అట్లెట్ల కుదుర్తది? గడువు దాటింది! కట్టలేమని రాసిచ్చినంక మళ్ల కడ్తమంటే ఎట్ల? నేను తీసుకోను!"

గుంపులో ఒక పసిపిల్ల దగ్గింది.

"చూసిండ్రా," అంది శోభారాణి. "తన పైసలు తనకొస్తున్నయంటే భయపడే షావుకారిని నేను ఈయన్నే చూసిన. అప్పు మునుగుతదని భయమున్నోడు రక్షణ కొనుక్కోవచ్చు. బ్యాంకుల దగ్గర, రిజర్వు బ్యాంకు రూల్స్ కింద కొంటే అది కూడ డెరివేటివే, అప్పు మీద కొన్నది. బాకీదారు కట్టలేనని తేలితే అవతలోడు పైసలిస్తడు. కానీ ఇచ్చిన అప్పుకంటే ఎన్నో రెట్లు ఎక్కువకు కొంటే ఏమైతది? బాకీదారు కట్టుడుకంటే మునుగుడే లాభమైతది. ఎవరితోని రాసుకున్నవ్ గోపాలూ?"

ఎస్సై బైక్ దిగాడు. గోపాలు చూపు బాట వైపు వెళ్లింది. బాట మీద తండా మగవాళ్లున్నారు.

"హైదరాబాద్‌ల ఒక ఫైనాన్స్ పార్టీ," అన్నాడు చివరికి. "అందరు చేస్తరు. లీగలే అన్నడు. నెలనెలా ఫీజు కట్టిన. ముసలామె సంగతి నేను అనుకోలేదు. వాళ్లే చేతబడి అన్నరు, నేను అనలేదు."

"కాదని కూడ అనలేదు. పటకారు తెచ్చేదాక చూస్త కూసున్నవ్. ఇంకొక్కటి విను. ఏ బ్యాంకూ లేకుండ, ఏ రూల్సూ లేకుండ, మునుగుతరని ఇద్దరు చాటుగ రాసుకున్నది డెరివేటివ్ కాదు. పందెం. కాంట్రాక్టు చట్టం ముప్పయ్యో సెక్షన్ చెల్లదంటది. ఆ పార్టీ నీకు ఎగ్గొడితే నువ్వు కోర్టుకు కూడ పోలేవు. చెల్లని కాగితం కోసం ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చినవ్."

ఎస్సై గోపాలును బైక్ దగ్గరికి నడిపించాడు. పటకారు తెచ్చిన మనిషి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి కంచె అవతల పొదలోకి విసిరేశాడు.

బద్యా నాయక్ తలపాగా తీసి బాలి కాళ్ల దగ్గర పెట్టాడు. "యాడీ, తప్పయింది. దండుగ ఏదంటే అది కడ్త."

యాడి అంటే వాళ్ల భాషలో తల్లి. బాలి ఆ తలపాగా వైపు చూడలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్? గుంజల గుంటలు నేనే అలికిన. గుడ్డ నేనే కాల్చిన. డబ్బాకు చెవి పెట్టి విన్న రోజే నాకు తెల్సింది. చెప్తే ఆ పిల్లలను ఏమంటరో కూడ తెల్సు. తీజ్ పాడుచేసిన పిల్లలని పది తండాలు చెప్పుకుంటయి." ఆమె కర్ర ఎత్తి ఆడపిల్లలను చూపించింది. "ఆళ్లకు చెప్పు. అందరు వినంగ చెప్పు. తీజ్ మైల పడలేదని చెప్పు. అప్పుడు తలపాగా పెట్టుకో."

అరవై ఏళ్ల బద్యా నాయక్ లేచి, వట్టి తలతో, ఆడపిల్లల ముందుకు వెళ్లి చేతులు జోడించాడు. తీజ్ మంచిగ జరిగిందని, తల్లి ఒప్పుకున్నదని, ఇక ఎవరు వేరే మాటన్నా తన ఇంటి నీళ్లు ముట్టొద్దని తండా వినేలా చెప్పాడు. సుజన ఏడుపు ఆపుకోలేక పరుగున వచ్చి ముసలామె ఒళ్లో తల పెట్టింది. మిగతా పిల్లలూ వచ్చారు. బాలి ఒక్కొక్క తలా తడుముతూ ఎవరినో తిడుతోంది. ఎవరినో చందర్‌కు అర్థం కాలేదు, అది వాళ్ల భాష. ద్వాలి ఏడుస్తూనే నవ్వింది, చెప్పమన్నా చెప్పలేదు.

కాంట్రాక్టు పైసలు దీపావళి ముందు వచ్చాయి. అప్పు తీరింది. చలి కాలంలో ఒక తెల్లవారుజామున బాలి నిద్రలోనే పోయింది. ఆమెను మోసిన వాళ్లలో, పటకారు విసిరేసిన మనిషి భుజం మార్చుకోకుండా చివరిదాకా నడిచాడని ద్వాలి ఫోన్లో చెప్పింది.

ఇది చదివిన వారికి ఒక్క మనవి. ఎవరినైనా మంత్రగత్తె అని నలుగురు వేలెత్తి చూపితే, ఆమె కూడా అవునని తలూపితే, కర్ర ఎత్తకముందు ఒక్క క్షణం ఆగండి. ఆ తలూపు వెనక ఆమె ఎవరిని దాచుకుందో అడగండి. పులిమడుగు తండా బాలిని గుర్తుపెట్టుకోండి.